సోదరీ, బతకాలి

1883వ సంవత్సరం ఫిబ్రవరి 13వ తేదీ. వెనిస్ నగరంలో రిచర్డ్ వాగ్నర్ అనే మహా సంగీతకర్త గుండె ఆగి పోయాడు. ఆయన భార్య కోసిమా శవాన్ని వదిలిపెట్టి లేవలేదు. పొడుగాటి జుట్టు కత్తిరించి ఆయనతోపాటు పెట్టెలో పెట్టేసింది. అన్నం మానేసింది. పిల్లలు బతిమాలారు, స్నేహితులు బతిమాలారు. ఎవరి మాటా చెవికెక్కలేదు. అలాంటి స్థితిలో ఆవిడకొక టెలిగ్రాం వచ్చింది. అందులో ఉన్నది ఒక్క వాక్యం. "సోదరీ, బతకాలి." అంతే.

ఆ టెలిగ్రాం పంపినవాడు తమ్ముడూ కాదు, అన్నా కాదు. ఆవిడ మొదటి భర్త. ఇప్పుడు చనిపోయిన ఈ వాగ్నర్ కోసమే ఆవిడ వదిలేసి వచ్చిన భర్త!

నిజం చెప్పొద్దూ, నేను వెతుకుతున్నది ఈయన్ని కాదు, కోసిమాని. ఒక స్త్రీ భర్తనీ ఇంటినీ వదిలి వెళ్లడం, లోకాన్నెదిరించి నిలబడడం నవల రాసేవాళ్లకి నోరూరించే వస్తువు. ఆవిడ గురించి దొరికినదల్లా చదువుతూ పోతున్నాను. ఈ టెలిగ్రాం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ సాయంత్రం మా అక్కయ్య వస్తే, కాఫీ ఇస్తూ ఈ కథంతా చెప్పాను. అక్కయ్య గ్లాసు పక్కన పెట్టి, "ఏమే, ఆ మొగుడికి పౌరుషం లేదుటే?" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ జవాబు కోసం ఇంకా చదివాను. చదివినకొద్దీ కోసిమా వెనక్కి జరిగి, ఆ పౌరుషం లేనాయన ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన పేరు హాన్స్ ఫాన్ బ్యూలో. వృత్తి కండక్టర్.

కండక్టరంటే మనకి బస్సు కండక్టరే గుర్తొస్తాడు. ఇది వేరు లెండి. మన కచేరీలో గాయకుడే నాయకుడు. వయొలినూ మృదంగమూ ఆయన ముఖం చూసి అల్లుకుపోతాయి. పాశ్చాత్యుల ఆర్కెస్ట్రాలో యాభైమంది, డెబ్భైమంది, ఒక్కోసారి వందమంది వాయిస్తారు. ఎవరి కాగితంలో వాళ్ల వరసలే ఉంటాయి. అందరి వరసలూ కలిపి ఉన్న పెద్ద పుస్తకం ఒక్కడి దగ్గరే ఉంటుంది. దాన్ని స్కోరంటారు. ఆ ఒక్కడూ ముందు నిలబడి చిన్న కర్ర ఊపుతూ తాళం చూపిస్తాడు. ఎవరు ఎప్పుడు అందుకోవాలో, ఎక్కడ మెల్లగా పోవాలో, ఎక్కడ విరుచుకుపడాలో చెప్తాడు. ఇక ఒపేరా అంటే మొదటినుంచి చివరిదాకా పాటగా సాగే నాటకం. అక్కడ ఆర్కెస్ట్రాతోపాటు రంగస్థలం మీద పాడేవాళ్లని కూడా ఆ కర్రతోనే నడిపించాలి. సినిమా పాటల రికార్డింగు చూసినవాళ్లకి ఈ మనిషి పరిచితుడే.

తమాషా ఏమిటంటే, అంతమందిలోనూ ఒక్క చప్పుడు కూడా చెయ్యనివాడు ఆయనే. సంగీతం రాసినవాడి పేరు కాగితం మీద మిగులుతుంది. కర్ర ఊపినవాడి సంగీతం ఆ రాత్రితో సరి. వంట లాంటిదన్నమాట. ఎంత బాగా కుదిరినా, తినేశాక గిన్నెలు కడిగేస్తాం.

బ్యూలో 1830 జనవరి 8న జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో పుట్టాడు. జమీందారీ బిరుదున్న వంశం. తండ్రి రచయిత. పిల్లవాడు ఎప్పుడూ జబ్బుమనిషే, జ్వరాలతో మంచం పట్టేవాడు. తలనొప్పి అతన్ని చచ్చేదాకా వదల్లేదు. తొమ్మిదో ఏట పియానో మొదలుపెట్టాడు. కొన్నాళ్లు ఫ్రీడ్రిష్ వీక్ దగ్గర నేర్చుకున్నాడు. ప్రఖ్యాత పియానో విద్వాంసురాలు క్లారా షూమన్‌కి తండ్రి ఆయన. పన్నెండేళ్ల వయసులో, 1842లో, డ్రెస్డెన్‌లో వాగ్నర్ ఒపేరా 'రియెంజీ' మొదటి ప్రదర్శన చూశాడు. ఆ రాత్రి పట్టిన పిచ్చి మళ్లీ వదల్లేదు.

తల్లికి మాత్రం కొడుకు లాయరు కావాలని. సంగీతం చదువుకున్నవాడికి పిల్లనెవరిస్తారు, ఉద్యోగమెవరిస్తారు అనే బెంగ తల్లులకి ఏ దేశంలోనైనా ఒకటే! సరేనని లైప్జిగ్‌లో లా చదువులో చేరాడు. 1849లో తల్లిదండ్రులు విడాకులు తీసుకున్నారు. ఆ మరుసటి ఏడు వైమార్‌లో ఫ్రాంజ్ లిస్ట్ కండక్ట్ చేసిన వాగ్నర్ 'లోహెన్‌గ్రిన్' విన్నాడు. దాంతో లా పుస్తకాలు మూతపడ్డాయి. వాగ్నర్ అప్పటికి తిరుగుబాటులో పాల్గొన్న నేరానికి జర్మనీనుంచి పారిపోయి జూరిచ్‌లో తలదాచుకుంటున్నాడు. ఈ ఇరవయ్యేళ్ల కుర్రవాడు వెతుక్కుంటూ అక్కడికి వెళ్లాడు. కర్ర పట్టుకోవడం మొదట నేర్పింది వాగ్నరే.

అక్కడ విద్యతోపాటు రెండో సంగతి కూడా బయటపడింది. కుర్రవాడి నోరు మంచిది కాదు! గాయనీగాయకులతో తగవులు పెట్టుకుని జూరిచ్‌లో పని పోగొట్టుకున్నాడు. ఆ నోరు చివరిదాకా ఆయన్ని తిప్పలు పెట్టింది. తర్వాత వైమార్ వెళ్లి లిస్ట్ దగ్గర పియానో శిష్యరికం చేశాడు. యూరప్‌లో ఆనాడు లిస్ట్‌ని మించిన పియానో విద్వాంసుడు లేడు. వాగ్నర్, లిస్ట్ ఇద్దరూ బ్యూలోకి దేవుళ్లు. ఒక దేవుడి కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. రెండో దేవుడు ఆ పెళ్లాన్ని తీసుకుపోయాడు. కథంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

లిస్ట్‌కి మారీ దగూ అనే ఫ్రెంచి దొరసానివల్ల ముగ్గురు పిల్లలు కలిగారు. వాళ్లిద్దరికీ పెళ్లి కాలేదు. ఆ పిల్లల్లో రెండోది కోసిమా. తల్లి దగ్గర లేదు, తండ్రి ఊళ్లు తిరుగుతుంటాడు. 1855లో అక్కచెల్లెళ్లిద్దర్నీ బెర్లిన్‌లో బ్యూలో తల్లిగారింట్లో దింపారు. వాళ్లకి పియానో నేర్పే పని బ్యూలోది. ఆ ఏడు అక్టోబరులో ఆయనొక కచేరీలో వాగ్నర్ 'టాన్‌హాయిజర్' నాటకపు పూర్వరంగ సంగీతం కండక్ట్ చేస్తే జనం ఈలలు వేసి గోల చేశారు. ఆ అవమానానికి మనిషి స్పృహతప్పి పడిపోయాడు. అర్ధరాత్రి ఇంటికొస్తే కోసిమా నిద్రపోకుండా కూర్చుని ఉంది. జాలి, గౌరవం, ఒంటరితనం మూడూ కలిస్తే పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల దాన్ని ప్రేమ అనుకోదూ? 1857 ఆగస్టు 18న పెళ్లయింది. ఆయనకి ఇరవయ్యేడు, ఆమెకి పంతొమ్మిది.

పెళ్లయిన కొత్తల్లో దంపతులు వెళ్లిందెక్కడికనుకున్నారు? జూరిచ్‌లో వాగ్నర్ ఇంటికి! వాగ్నర్ అప్పుడే 'ట్రిస్టాన్-ఇజోల్డె' నాటకం మాటలు రాసి ముగించాడు. పెళ్లి ఒకరితో, ప్రాణం ఇంకొకరితో ముడిపడిన స్త్రీ కథ అది. దాన్ని చదివి వినిపించాడు. విన్నవాళ్లలో వాగ్నర్ భార్య మిన్నా ఉంది. ఆయన అప్పట్లో మనసుపడ్డ మతిల్డె వేసన్‌డోంక్ ఉంది. ఏడేళ్ల తర్వాత ఆయన దగ్గరికి చేరబోయే కోసిమా ఉంది. ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని విన్నారు! ఇలాంటి ఘట్టం నేను నవల్లో రాస్తే, మరీ కల్పించేశానని మీరే ఉత్తరాలు రాస్తారు.

కాపురం సుఖంగా సాగలేదు. బ్యూలో రాత్రీ పగలూ పనిచేసేవాడు, తలనొప్పితో విరుచుకుపడేవాడు. ఆమె లోపల్లోపల ఆరిపోతూ వచ్చింది. డానియేలా, బ్లాండీన్ అని ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. 1863 నవంబరులో వాగ్నర్ బెర్లిన్ వచ్చాడు. బ్యూలో కచేరీ రిహార్సల్లో మునిగి ఉండగా, వాగ్నరూ కోసిమా బండిలో షికారు వెళ్లి, ఇకమీదట ఒకరికొకరం అని కన్నీళ్లతో మాట ఇచ్చుకున్నారు. ఆ సంగతి వాగ్నరే తన ఆత్మకథలో రాసుకున్నాడు.

1864లో వాగ్నర్ దశ తిరిగింది. బవేరియాకి కొత్తగా రాజైన పద్దెనిమిదేళ్ల లుడ్విగ్ ఆయన్ని పిలిచి అప్పులు తీర్చి, మ్యూనిక్‌లో పెట్టుకున్నాడు. వాగ్నర్ బ్యూలోని రప్పించాడు. మొదట కోసిమా పిల్లల్తో వచ్చింది. వారం తర్వాత భర్త వచ్చాడు. ఆ వారమే చాలింది.

అప్పటికి 'ట్రిస్టాన్' అంటే ఎవరూ దగ్గరికి రాని ఒపేరా. వియన్నాలో డెబ్భైకి పైగా రిహార్సల్సు చేసి, ఇది పాడడం మానవమాత్రుల వల్ల కాదని వదిలేశారు. దాన్ని నిలబెట్టగలిగింది ఒక్క బ్యూలోనే. దాని పియానో ప్రతి తయారుచేసినవాడు ఆయనే, ప్రతి స్వరమూ కంఠతా వచ్చినవాడూ ఆయనే. 1865 ఏప్రిల్ 10న ఆర్కెస్ట్రాతో మొదటి రిహార్సలు జరిగింది. సరిగ్గా ఆరోజే కోసిమాకి మూడో ఆడపిల్ల పుట్టింది. పేరు ఇజోల్డె. కాగితాల మీద తండ్రి బ్యూలో. నిజానికి తండ్రి వాగ్నర్.

ఆ రిహార్సల్సులోనే బ్యూలో నోరు మళ్లీ జారింది. వాద్యకారులకి చోటు చాలలేదు, ముందు వరసలోని ముప్ఫై కుర్చీలు తీసెయ్యమన్నాడు. అలా వీల్లేదన్నారు. ముప్ఫైమంది పందికుక్కలు ఎక్కువైతేనేం, తక్కువైతేనేం అనేశాడు. పత్రికలు ఆ మాటని పట్టుకుని దుమారం లేపాయి. తర్వాత నాయిక వేషం వేసే గాయనికి గొంతు పోయి ప్రదర్శన వాయిదాపడింది. చివరికి జూన్ 10న తెర లేచింది.

ఆ రాత్రిని ఊహించండి. రంగస్థలం మీద ఒక రాజుగారి వధువు, రాజుకి అత్యంత ఆప్తుడైన వీరుడి చేతుల్లో ఉంది. రాజు వచ్చి చూస్తాడు. ఆయన కత్తి దుయ్యడు. నువ్వే ఇలా చేస్తే ఇక నమ్మకానికి అర్థమేమిటని దుఃఖంతో అడుగుతాడు. ఆ రాజు వేదనకి తాళం చూపిస్తూ నిలబడ్డ మనిషి బ్యూలో. స్కోరు చూడకుండా, అన్నీ జ్ఞాపకంలోంచే నడిపించాడు. ఒక రాత్రి వంటిల్లు సర్దేసి ఆ ఘట్టం విన్నాను. భాష ఒక్క ముక్క తెలియదు. ఆ రాజు గొంతుక కింద తీగవాద్యాలు మెల్లగా కదులుతుంటే మాత్రం, ఆ సాయంత్రం కర్ర పట్టిన చెయ్యి ఒక్కసారైనా వణికిందా అనిపించింది.

నాలుగు ప్రదర్శనలు జరిగాయి. ఆ తర్వాత ట్రిస్టాన్ వేషం వేసిన గాయకుడు ఇరవైతొమ్మిదేళ్లకే హఠాత్తుగా పోయాడు. మ్యూనిక్‌లో గుసగుసలు పెరిగాయి. 1866లో పత్రికలు బాహాటంగా రాశాయి. అప్పుడు వాగ్నరూ కోసిమా ఏం చేశారో తెలుసా? కోసిమా ఏ మచ్చా లేని ఇల్లాలని రాజుగారి సంతకంతో ఒక ఉత్తరం రాయించి అచ్చువేయించారు. పాపం, ఆ కుర్ర రాజు నిజమని నమ్మి సంతకం పెట్టాడు. కోసిమా ధైర్యాన్ని మెచ్చుకునే నేను ఇక్కడ మాత్రం తల దించుకుంటాను. భర్తని వదలడం తప్పని నేననను. ఆ అబద్ధంలోకి అమాయకుణ్ణి లాగడం తప్పే. ఆ ఉత్తరం తన పేరుమీద నడుస్తుంటే నోరు మూసుకున్న బ్యూలోకీ అందులో వాటా ఉంది.

1867లో ఈవా పుట్టింది. అదీ వాగ్నర్ బిడ్డే. 1868 జూన్ 21న వాగ్నర్ 'మైస్టర్‌సింగర్' మొదటి ప్రదర్శనని బ్యూలోనే కండక్ట్ చేశాడు. అందులో నాయిక పేరు ఈవా! వాగ్నర్ రాజుగారి పక్కన కూర్చుని జనం జేజేలు అందుకున్నాడు. బ్యూలో కింద చీకట్లో కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఏడు నవంబరులో కోసిమా శాశ్వతంగా వెళ్లిపోయింది. 1869 జూన్‌లో సీగ్‌ఫ్రీడ్ పుట్టాడు. విడాకులు ఇమ్మని ఆమె రాస్తే, బ్యూలో నిందలేమీ వెయ్యకుండా, కాపురంలో తన లోపాలు ఒప్పుకుంటూ జవాబు రాశాడు. పెద్దపిల్లలిద్దరూ కూడా తల్లి దగ్గరికే వెళ్లారు. 1870 జులైలో విడాకులు మంజూరయ్యాయి. ఆగస్టులో కోసిమా వాగ్నర్‌ని పెళ్లాడింది. వాగ్నర్ కాక ఇంకెవరైనా అయితే తుపాకీతో కాల్చేసేవాణ్ణని బ్యూలో అన్నాడని చెప్పుకుంటారు.

ఇదీ అక్కయ్య అడిగిన పౌరుషం సంగతి. ఇక్కడ నాకొక విషయం తట్టింది. భర్త చేసిన అన్యాయాన్ని సహించి, అతని పనికే ఊడిగం చేసిన ఆడవాళ్ల కథలు మనకి బోలెడున్నాయి. వాళ్లని మహాఇల్లాళ్లని పొగుడుతాం, పిల్లలకి పేర్లు పెట్టుకుంటాం. అదే పని మగవాడు చేస్తే, చేతకానివాడని నవ్వుతాం. మ్యూనిక్ పత్రికలూ అలాగే నవ్వాయి. సహనం అంత గొప్ప గుణమైతే మగవాడికి మాత్రం ఎందుకు నామర్దా? గొప్ప గుణం కాకపోతే ఇన్నాళ్లూ మన చేత ఎందుకు చేయించారు?

ఆయన సహించడంలో నేను గొప్పతనం వెతకడం లేదు. అందులో భక్తి ఉంది, భయం ఉంది, లోకం కోసం వేసిన వేషమూ ఉంది. నాకు నచ్చింది ఆ తర్వాతి కథ.

నలభయ్యోపడిలో పడుతూ, పెళ్లాం లేక, పిల్లలు లేక, ఉద్యోగం లేక, ఒంట్లో ఓపిక లేక ఆయన ఇటలీలోని ఫ్లారెన్స్ చేరాడు. పియానో పాఠాలు చెప్పుకుంటూ కోలుకున్నాడు. మళ్లీ కచేరీలు మొదలుపెట్టాడు. రష్యాలో చైకోవ్‌స్కీ రాసిన మొదటి పియానో కన్చెర్టోని అక్కడి పెద్ద విద్వాంసుడొకాయన పనికిరాదని తీసిపారేస్తే, దాన్ని బ్యూలో నెత్తిన పెట్టుకున్నాడు. 1875 అక్టోబరు 25న అమెరికాలోని బోస్టన్‌లో లోకానికి మొదటిసారి వినిపించాడు. ఇవాళ దాని పేరు తెలియని పాశ్చాత్య సంగీతాభిమాని లేడు. ఆ ఒక్క అమెరికా యాత్రలో 139 కచేరీలు చేశాడు. తర్వాత హానోవర్‌లో ఒపేరా ఉద్యోగం దొరికింది. 'లోహెన్‌గ్రిన్'లో హంస వీరుడి పాత్ర వేసిన గాయకుణ్ణి పంది వీరుడన్నాడు. జర్మన్ భాషలో హంసకీ పందికీ మాటలు దగ్గరగా ఉంటాయి లెండి. 1879లో ఆ ఉద్యోగమూ ఊడింది.

అప్పుడు పిలుపొచ్చింది మైనింగెన్ అనే చిన్న సంస్థానంనుంచి. అక్కడి ప్రభువు గెయోర్గ్ ఒక నటిని పెళ్లాడాడు. ఆవిడ ఒకప్పుడు బ్యూలో దగ్గర పియానో నేర్చుకున్న శిష్యురాలే. ఆర్కెస్ట్రాలో ఉన్నది నలభై ఎనిమిదిమంది. పెద్ద నగరాలవాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకునేవాళ్లు కాదు. 1880లో బ్యూలో వచ్చి పని మొదలుపెట్టాడు. వయొలిన్లవాళ్లని విడిగా కూర్చోబెట్టాడు, ఊదేవాద్యాలవాళ్లని విడిగా. ఎవరి వరస వాళ్లకి నిద్రలో లేపినా వచ్చేదాకా తోమాడు. తర్వాతే అందర్నీ కలిపాడు. చివరికి వాళ్లు కాగితాలు లేకుండా, నిలబడి, జ్ఞాపకంలోంచి వాయించే స్థితికొచ్చారు. అంతవరకూ ఎవరూ కనీవినీ ఎరగరు. ఆ నలభై ఎనిమిదిమందినీ రైలెక్కించి ఊరూరా తిప్పాడు. 1882లో బెర్లిన్, 1884లో వియన్నా నోళ్లు తెరుచుకుని విన్నాయి.

అదివరకు సంగీతం రాసినవాడే ముందు నిలబడి తాళం వెయ్యడం ఎక్కువ. కండక్ట్ చెయ్యడమే జీవితపు పనిగా, ఒకరు రాసినదాన్ని లోతుగా చదివి అర్థం చెప్పడమే కళగా చేసి చూపినవాళ్లలో బ్యూలో మొదటి వరసలో ఉంటాడు. స్కోరు నీ తలలో ఉండాలిగాని, నీ తల స్కోరులో ఉండకూడదని శిష్యులకి చెప్పేవాడు. రిచర్డ్ స్ట్రౌస్ అనే ఇరవయ్యేళ్ల కుర్రవాడిలో ప్రతిభ కనిపెట్టి, 1884లో ఒక్క రిహార్సలు కూడా లేకుండా కర్ర చేతికిచ్చి నిలబెట్టాడు. మరుసటేడు మైనింగెన్‌లో తన సహాయకుడిగా పెట్టుకున్నాడు. తర్వాతి రోజుల్లో స్ట్రౌస్ ఎంతవాడయ్యాడో సంగీతం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

వాగ్నర్ పక్షంవాళ్లకి బ్రామ్స్ అంటే గిట్టదు. అలాంటిది, ఒకనాడు వాగ్నర్ పక్షానికి జెండా మోసిన బ్యూలో, బ్రామ్స్‌కి తన ఆర్కెస్ట్రానే అప్పజెప్పాడు. కొత్తగా రాసినవి అక్కడ వాయించి చూసుకొమ్మన్నాడు. బ్రామ్స్ నాలుగో సింఫనీ 1885 అక్టోబరు 25న మైనింగెన్‌లోనే మొదటిసారి వినిపించింది. బాఖ్, బీథోవెన్, బ్రామ్స్ అని ముగ్గురి పేర్లూ కలిపి చెప్పే మాటని జనంలో నాటినవాడు ఆయనే. బీథోవెన్ తొమ్మిదో సింఫనీ జనానికి ఒకసారికి ఎక్కదని, ఒకే సాయంత్రం మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు వాయించాడు!

ఇంతటివాడు దేవుడేమీ కాదు. నోటి దురుసు సరే, దాన్ని నవ్వి ఊరుకోవచ్చు. బెర్లిన్ రాజాస్థానపు ఒపేరాని సర్కసని బిరుదు పోగొట్టుకున్నాడంటే సరదాగానే ఉంటుంది. కాని 1880లో యూదుల హక్కులు తగ్గించాలని కోరుతూ జర్మనీలో తిప్పిన అర్జీ మీద ఆయన సంతకం పెట్టాడు. అది నవ్వి ఊరుకునేది కాదు. ఆ విషపుమొక్క ఎంత మానైందో తర్వాతి శతాబ్దం చూసింది. మనకి నచ్చిన మనిషి కథ చెప్తున్నామని ఇలాంటివి దాచకూడదు.

ఇక ఆ టెలిగ్రాం. వాగ్నర్ తన నాటకాల కోసం బైరాయిట్ అనే ఊళ్లో ప్రత్యేకంగా థియేటరు కట్టుకున్నాడు. 1876లో అది తెరిచినప్పుడు కర్ర పట్టింది వేరొకరు. అయినా ఆ థియేటరు అప్పుల్లో పడితే, బ్యూలో పియానో కచేరీలు చేసి నిధికి డబ్బు కూడబెట్టాడు. 1881లో పెద్దకూతురు డానియేలాని మళ్లీ కలుసుకున్నాడు. విడిపోయేనాటికి ఎనిమిదేళ్ల పిల్ల, ఇప్పుడు ఇరవయ్యేళ్లది. 1882లో మైనింగెన్ నాటకశాలలోని నటి మారీ షాంజర్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఇంట్లో మనిషి ఉంది, చేతిలో తను తయారుచేసుకున్న ఆర్కెస్ట్రా ఉంది. ఆ మరుసటేడు వెనిస్‌నుంచి కబురొచ్చింది. "సోదరీ, బతకాలి" అన్నాడు.

ఏడ్చి కాళ్లావేళ్లా పడేవాడికి ఆ మాట రాదు. మనసులో కత్తి నూరుకునేవాడికీ రాదు. తన కాళ్లమీద తను నిలబడ్డవాడికే వస్తుంది. భార్యా అనే హక్కు పోయింది. శత్రువూ అనాలని లేదు. మిగిలిన చుట్టరికం ఏమిటా అని వెతికి, సోదరీ అని పిలిచాడు. బతకడం ఎంత కష్టమో తెలిసినవాడు కనకే ఇంకేమీ చెప్పకుండా బతకాలన్నాడు. కోసిమా బతికింది. ఆ థియేటరుని తన చేతులమీదుగా నడిపి, 1930 దాకా జీవించింది.

1887లో బ్యూలో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ బాధ్యత తీసుకున్నాడు. అయిదేళ్ల క్రితం యజమానితో తగవుపడి బయటికొచ్చిన వాద్యకారులు సొంతంగా పెట్టుకున్న ఆర్కెస్ట్రా అది. బొటాబొటిగా బతుకుతోంది. 1892 దాకా దాన్ని సానపట్టాడు. ఇవాళ ప్రపంచంలో దాని స్థానం ఏమిటో అందరికీ తెలుసు. ఆ పునాదిలో ఈయన చెయ్యి ఉంది.

చివర్లో నివాసం హాంబర్గ్. అక్కడి ఒపేరాలో గుస్టావ్ మాలర్ అనే యువ కండక్టరు ఉండేవాడు. ఒకరోజు తను రాసిన సంగీతం పియానో మీద వినిపిస్తే, బ్యూలో చెవులు మూసుకున్నాడు! దీని ముందు 'ట్రిస్టాన్' పాతకాలపు హైడన్ సింఫనీలా ఉందన్నాడు. పాపం, కొత్తదనం కోసం జీవితమంతా పోట్లాడినవాడికి కూడా ఒకనాటికి కొత్తది చెవికెక్కదు. ఆరోగ్యం కోసం ఈజిప్టు వెళ్లి, 1894 ఫిబ్రవరి 12న కైరోలో కన్నుమూశాడు. ఆ మార్చి 29న హాంబర్గ్ చర్చిలో అంత్యప్రార్థనలు జరుగుతుంటే, పిల్లలు పునరుత్థాన గీతం పాడారు. మాలర్ అక్కడ కూర్చుని వింటున్నాడు. ఏళ్లతరబడి ముగింపు దొరకక ఆగిపోయిన తన రెండో సింఫనీకి దారి ఆ పాటలో దొరికింది. చెవులు మూసుకున్న పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఆ సింఫనీకి ముగింపు ఇచ్చి వెళ్లాడన్నమాట.

ఇజోల్డె సంగతి కూడా చెప్పాలి. వాగ్నర్ కూతురిగా తనని గుర్తించమని ఆమె తల్లి మీదే దావా వేసింది. 1914లో కోర్టు ఆమెని బ్యూలో కూతురేనని తీర్పు చెప్పింది. సంతకాలు పెట్టించి అచ్చువేయించిన పాత అబద్ధం, ఏ పాపమూ ఎరగని పిల్ల నెత్తినే పడింది.

ఆయన ఊపిన కర్రలోంచి పుట్టిన సంగీతం ఒక్క క్షణమైనా మనకి వినపడదు. మరి ఇన్ని సంగతులు ఎలా తెలిశాయంటారా? రెండో భార్య మారీ వల్ల. భర్త పోయిన మరుసటేడునుంచి 1908 దాకా, ఆయన ఉత్తరాలూ రచనలూ పోగుచేసి ఎనిమిది సంపుటాలుగా అచ్చువేయించింది. లోకం మొదటి భార్య గురించే కథలు చెప్పుకుంటుంది. నేనూ ఆవిణ్ణి వెతుక్కుంటూనే వచ్చాను కదా! ఈవిడ మాత్రం పదమూడేళ్లు కూర్చుని కాగితాలు సర్దింది.

ఈసారి అక్కయ్య వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. అక్కయ్య చాలాసేపు మాట్లాడలేదు. గ్లాసు ఖాళీ చేసి, "పౌరుషం ఉందిలేవే. కాకపోతే దాన్ని తీసుకెళ్లి పనిలో పెట్టాడు" అంది.

నేను వారంరోజులు వెతికిన జవాబు అదే.